వేళ్ళతో చూసిన మార్నింగ్ షోలు

పోయిన నెల శిరీష అనే అమ్మాయి మా ఇంటికి వచ్చింది. హైదరాబాదులో సినిమా చరిత్ర చదువుకుంటోంది. పాత ఫిల్ము రీళ్ళు బాగుచేసి దాచే చోట ఉద్యోగంలో చేరబోతోందట. నర్సీపట్నంలో రీళ్ళ మీద పనిచేసిన ఆడమనిషి ఒకావిడ ఉందని ఎవరో చెబితే వెతుక్కుంటూ వచ్చింది.

"మార్నింగ్ షోల గురించి చెప్పండాంటీ," అంది. "మా పుస్తకాల్లో ఆ సినిమాల గురించి ఒక్క పేరా ఉంటుంది. అదీ తిట్టడానికే. ప్రింట్లు ఎక్కడా మిగల్లేదు. చూసినవాళ్ళు చూశామని చెప్పరు."

"నేనూ చూడలేదమ్మా," అన్నాను.

ఆ పిల్ల ముఖం వాడిపోయింది. పుస్తకం మూసేయబోయింది.

"చూడలేదు గానీ, ప్రతి అడుగూ నా వేళ్ళ మధ్య నుంచే పోయింది," అన్నాను.

ఆమె వెళ్ళాక నా పాత డైరీలు తీశాను. శిరీషలాంటి పిల్లలు ఈ పనిలోకి వస్తున్నారు కాబట్టి, పని అసలు ఎలా ఉంటుందో రాసిపెడదామనిపించింది. జీతం ఎప్పుడు పెరిగింది, ఎవరెవరు శాలువా కప్పారు అన్నవి ఇక్కడ రాయను. ఒక సినిమా గురించి, నేను చేసిన ఒక తప్పు గురించి రాస్తాను. మిగతాదంతా దాని చుట్టూ ఉన్నదే.

చేతులు మాత్రమే కనిపించే కిటికీ

డెబ్బైల చివర్లో మా ఊరి హాల్లో ఆడవాళ్ళ బుకింగ్‌లో చేరాను. అప్పటికి నాకు పంతొమ్మిదేళ్ళు. నలుగురి ముందు నోరు తెరవాలంటే చెమటలు పట్టేవి. చర్చిలో వాక్యం చదవమంటే గొంతు నొప్పి అని అబద్ధమాడేదాన్ని. అలాంటిదానికి ఆ కిటికీ సరిగ్గా సరిపోయింది. అరచేయి దూరేంత కన్నం. అటునుంచి చేతులు వచ్చేవి, ఇటునుంచి టికెట్లు వెళ్ళేవి. గాజుల్ని బట్టి మనుషుల్ని గుర్తుపట్టేదాన్ని. ఆట మొదలయ్యాక సొరుగులోంచి లైబ్రరీ నవల తీసుకునేదాన్ని.

మాది మిషను రోజుల నుంచీ చర్చికి వెళ్ళే కుటుంబం. మా చర్చిలో సినిమా అంటే పాపం. మా నాన్న దానియేలు మేస్త్రి, వడ్రంగి. చర్చి బల్లలన్నీ ఆయన చేసినవే. హాలు ఓనరు సత్యంబాబు గారు తలుపులు, కుర్చీలు నాన్న చేతే చేయించేవారు. ఆ మొహమాటం మీద నన్ను పంపడానికి నాన్న ఒప్పుకున్నారు. ఒక షరతు పెట్టారు.

"కిటికీ కాడ కూకోవాల. హాల్లోకి తొంగి సూడకూడదు. సూసేవని తెలిసిందా, ఆ పూటే మానిపించేత్తాను."

పదకొండు గంటల ఆటకి ఆడవాళ్ళు రారు. అప్పట్లో మార్నింగ్ షో అంటే పక్క రాష్ట్రం నుంచి వచ్చి, ఇక్కడ తెలుగు గొంతులు తగిలించుకున్న పెద్దలకు మాత్రమే సినిమాలు. పోస్టరు మీద తడిసిన చీర ఉంటే చాలు, నాతవరం నుంచి సైకిళ్ళేసుకుని వచ్చేసేవారు. ఆ పూట నా కిటికీకి పని లేదు. అది చూసి సత్యంబాబు గారు, "ఊరికే కూర్చోవడమెందుకమ్మాయ్, పైన అప్పారావు గారికి చూపు మందగించింది, కాస్త సాయం చెయ్యి," అని మేడ మీదికి పంపారు.

నేను నాన్నకు చెప్పలేదు. చెబితే ఉద్యోగం ఉండదు. ఆ తర్వాత రెండేళ్ళు నాకు ఉన్న భయమల్లా అదొక్కటే.

పైగది

అప్పారావు గారు ఆపరేటరు. ప్రొజెక్టరు నడిపే లైసెన్సు ఆయన పేరు మీద ఉండేది. దాన్ని అద్దం కట్టించి గోడకి తగిలించుకున్నారు. దానికి రోజూ గంధం బొట్టు పెట్టేవారు. ఒక కంటికి పొర వచ్చింది. ఆట నడపగలరు గానీ, రీలు చెకింగు చేయలేకపోతున్నారు.

చెకింగు అంటే ఇదీ. ప్రింటు ఊరూరూ తిరిగి వస్తుంది. ఎక్కడో చిరిగి ఉంటుంది, అంచున ప్రొజెక్టరు పళ్ళు పట్టుకునే కన్నాలు తెగి ఉంటాయి. అలాగే ప్రొజెక్టరులో పెడితే పటుక్కున తెగిపోతుంది, కింద జనం ఈలలు వేస్తారు. అందుకని ఆటకు ముందే రెండు చక్రాల మధ్య రీలంతా తిప్పుతూ, అంచులు వేళ్ళతో పట్టుకుని పోనిస్తూ, దెబ్బ తగిలిన చోట కోసి అతకాలి.

మొదటిరోజే నా చేతికి వచ్చింది మార్నింగ్ షో రీలు. వెలుగుకు ఒక్కసారి పట్టుకుని చూశాను. వెంటనే తల గోడవైపు తిప్పేసుకున్నాను. చేతులు మాత్రం చక్రం తిప్పుతూనే ఉన్నాయి.

అప్పారావు గారు పగలబడి నవ్వారు. "ఏటమ్మా, గోడని సెక్ చేత్తన్నావా, ఫిల్మునా?"

"చూడలేనండీ."

"సూడకు మరి. ఎవులు సూడమన్నారు? కళ్ళతో సూసినోళ్ళు బొమ్మ సూత్తారు, సిరుగు సూడరు. ఏళ్ళతో సూడు."

అలా నా సిగ్గే నాకు పని నేర్పింది. రెండు నెలల్లో వెంట్రుకంత చిరుగు కూడా బొటనవేలికి తెలిసిపోయేది. గోడవైపు తిరిగే వందల సినిమాలు చెక్ చేశాను. ప్రతి ప్రింటుకీ డైరీలో ఒక పేజీ: ఏ రీల్లో ఎన్ని అతుకులు, ఎక్కడ కోశాను, ఎంత పోయింది.

అతకడం కూడా ఆయనే నేర్పారు. తెగిన అంచు మీది మందు పూతను బ్లేడుతో గీకి, అతుకు మందు ఒక్క చుక్క రాసి, రెండో అంచు దాని మీద పెట్టి, పది లెక్కపెట్టేదాకా నొక్కి ఉంచాలి. ఎక్కువ రాస్తే ఉబ్బుతుంది, తక్కువ రాస్తే ఊడుతుంది. ఆ మందుకు మగ్గిన అరటిపండు వాసన. ఎంత కడిగినా వేళ్ళ నుంచి పోయేది కాదు. నాన్న ముక్కు వడ్రంగి ముక్కు, వార్నిష్‌కీ స్పిరిట్‌కీ తేడా వీధి చివర్నుంచే చెప్పేస్తుంది.

"ఏటే, సేతికి ఆ వాసన?"

"టికెట్ల జిగురు నాన్నా."

ఆ రాత్రి డైరీలో రాసుకున్నాను: 'ఈరోజు రెండు అతుకులు వేశాను. ఒక అబద్ధం ఆడాను. అతుకులు నిలుస్తాయి.'

బిట్లు

ఈ మాట శిరీష తరం వాళ్ళు వినే ఉంటారు. సెన్సారు వాళ్ళు పాస్ చేసిన సినిమాలో, పాస్ కాని ముక్క ఎక్కడిదో తెచ్చి మధ్యలో అతికించేవారు. కథకీ దానికీ సంబంధం ఉండదు. హీరో గుడికి వెళ్తుంటాడు, హఠాత్తుగా ఎవరో వేరే దేశపు మనుషులు కనిపిస్తారు, మళ్ళీ గుడి గంట. ప్రింటుతోపాటు వచ్చే రిప్రజెంటేటివ్ ఒకడు వాటిని సబ్బుపెట్టెలో పెట్టుకుని తిరిగేవాడు.

అప్పారావు గారు ఒప్పుకునేవారు కాదు. "పాస్ సేసిన బొమ్మ ఏదైనా ఆడిత్తాను. దొంగబొమ్మ ఆడితే పోయేది నీ సబ్బుపెట్టి కాదురా, గోడ మీదున్న నా పేరు," అనేవారు.

కానీ వెనకటి ఊళ్ళో అతికించిన బిట్టు ప్రింటుతోనే మా ఊరు వచ్చేసేది. దాన్ని పట్టుకోవడం నా పని. రీలు మధ్యలో వేలికి అతుకు తగిలిందంటే అనుమానం. దగ్గర దగ్గరగా రెండు అతుకులు తగిలితే ఇంకా అనుమానం. తీసి డబ్బాలో వేసి, రిప్రజెంటేటివ్‌కి అప్పగించేదాన్ని. వాడు నన్ను 'సిస్టర్' అని పిలిచేవాడు. అందులో వెటకారం ఉందని తెలుసు. ఆ పిలుపు మా చర్చిలో మామూలే కాబట్టి నాకు తగిలేది కాదు.

నా అభిప్రాయం ఇక్కడే చెప్పేస్తాను. ఆ సినిమాల్లో సగానికి పైగా చెత్తే. ఆడమనిషిని మనిషిగా చూడని చెత్త. దానికి నేను వకాల్తా పుచ్చుకోను. కానీ పెద్ద హీరోల కొత్త ప్రింటు వైజాగులో ఆడి, అనకాపల్లిలో ఆడి, గీతలు పడి మా దాకా వచ్చేసరికి నెలలు గడిచేవి. ఆ నెలల్లో హాలు తలుపులు తెరిచి ఉంచింది పదకొండు గంటల ఆటలే. ఆదివారం పిల్లల్ని తీసుకుని దేవుడి సినిమాకి వచ్చిన అమ్మలు కూర్చున్న కుర్చీలు కూడా ఆ ఆటల మీద వచ్చినవే.

అప్పారావు గారు చిన్నప్పుడు డేరా టాకీసుల్లో పనిచేశారు. బలిఘట్టం శివరాత్రి తీర్థం జాతరలో డేరా వేసేవారట. "దేవుడి బొమ్మలే ఆడేవోళ్ళం. జలకాలాట రీలు వచ్చేతలికి డేరా ఊగిపోయేది. వన్స్ మోరు, వన్స్ మోరు! దండం పెట్టినోళ్ళూ ఆళ్ళే, ఈల ఏసినోళ్ళూ ఆళ్ళే," అనేవారు. స్వాతంత్ర్యం రాకముందు మన సినిమాల్లో ముద్దులు కూడా ఉండేవని, ఎవరూ ఉలిక్కిపడలేదని ఆయన గురువు చెప్పేవాడట. అంటే ఈ చూపుల ఆకలి పక్క రాష్ట్రం నుంచి వచ్చింది కాదు. మన సినిమా పాకే వయసు నుంచీ దానితోనే పెరిగింది. వేరే పేర్లతో, అంతే.

ఏడో రీలు

ఇక నా తప్పు.

పడవవాడి పెళ్ళాం కథ ఒకటి వచ్చింది. పోస్టరు మీద ఏట్లో నిలబడ్డ ఆడమనిషి వీపు. ఏడో రీల్లో నా వేలికి రెండు అతుకులు తగిలాయి, నలభై అడుగుల ఎడంలో. అప్పటికి నాకు ధైర్యం పెరిగి, అనుమానం వస్తే ఒక్క క్షణం వెలుగుకు పెట్టి చూసేదాన్ని. చూశాను. తెల్లవారుజామున ఏట్లో స్నానం. బట్టలేని వీపు. అంతే, తల తిప్పుకున్నాను. కోసి తీసేసి అతికించాను.

డైరీలో ఇలా ఉంది: 'ఏడో రీలు. రెండు అతుకులు. మధ్యలో నలభై అడుగులు. స్నానం. తీసేశాను. దేవా, నా కళ్ళను కాపాడు.'

ఆరోజు సంత. కొయ్యూరు కొండల నుంచి చింతపండు అమ్మడానికి వచ్చిన నలుగురు ఆడవాళ్ళు తొందరగా సరుకు అమ్మేసుకుని, తిరుగు బస్సుకు ఇంకా టైముందని సినిమాకి వచ్చారు. పదకొండు గంటల ఆటకి ఆడవాళ్ళు రారన్న సంగతి వాళ్ళకి తెలీదు. గేటు దగ్గర మనిషి పరుగెత్తుకొచ్చాడు. "దయామణీ, బేగి దిగు! ఆడోళ్ళొచ్చేరు! ఎలిపోమంటే ఎలిపోటం లేదు!"

దిగి కిటికీ తెరిచాను. వెండి కడియాలున్న చేయి ఒకటి లోపలికి వచ్చింది. ఏం చెప్పి ఆపాలో తెలియలేదు. టికెట్లు ఇచ్చేశాను. ఖాళీగా ఉన్న ఆడవాళ్ళ బెంచీల మీద ఆ నలుగురే కూర్చుని ఆటంతా చూశారు.

ఆట వదిలాక అదే చేయి మళ్ళీ కన్నంలోంచి వచ్చింది. ఈసారి వెనక ముఖం కూడా వంగింది. పెద్దావిడ, ముక్కుకు రెండువైపులా పుడకలు.

"ఓలమ్మీ, ఆ మనిసి ఎందుకు సచ్చిపోనాదే?"

"ఎవరు?"

"పడవోడి పెళ్ళాం. బాగానే ఉన్నాది. ఏటికెల్లింది, వచ్చింది, సచ్చిపోనాది. మొగుడు సూత్తే పాటలు పాడుకునే మంచోడు. మరెందుకు సచ్చినట్టు?"

"నాకు తెలీదమ్మా. నేను చూడలేదు."

ఆవిడ నన్ను వింతగా చూసింది. "నీ కొట్టు గదే ఇది? నీ సరుకు నువ్వు సూసుకోవా?"

వాళ్ళు నవ్వుకుంటూ బస్సుకి వెళ్ళిపోయారు. నేను పైకి వెళ్ళి డబ్బాలోంచి ఆ నలభై అడుగులు తీశాను. భూతద్దం పెట్టి, కిటికీ వెలుగులో, మొదటిసారి తల తిప్పకుండా ఒక్కో బొమ్మే చూశాను.

ఆ వీపు నిండా వాతలు ఉన్నాయి. తాడుతో కొట్టిన వాతలు. ఒడ్డున బిందె పట్టుకున్న ముసలావిడ వాటిని చూసి, చూడనట్టు తల తిప్పుకుంటుంది. అంతే ఆ ముక్క. అది లేకపోతే ఆ మొగుడు మంచివాడు.

నేను వీపును చూశాను. వీపు మీద ఉన్నది చూడలేదు. ఒడ్డున ఉన్న ముసలావిడ చేసిన పనే నేనూ చేశాను.

మరి ఆ రెండు అతుకులు ఎక్కడివి? అప్పారావు గారిని అడిగాను. జరిగిందంతా చెప్పాను. ఆయన కోప్పడలేదు. "బట్ట ఎక్కడ సిరుగుద్దమ్మా? మోకాలి కాడ. ఎక్కువ ఆడే సోట. మన ముందోళ్ళు వన్స్ మోర్లకి ఆ ముక్కే ఎనక్కి తిప్పి తిప్పి ఆడుంటారు. సిరిగిపోయుంటాది, అతికుంటారు. అతుకల్లా దొంగతనం కాదు. ఎల్లు, ఉన్నకాడ ఎట్టేయి."

అప్పుడే కూర్చుని తిరిగి అతికించాను. ఆ నాలుగు అతుకు అంచులూ ఎంత జాగ్రత్తగా గీకానో నాకు తెలుసు. డైరీ: 'ఏడో రీలు. తీసిన నలభై అడుగులు తిరిగి పెట్టాను. తప్పు ఫిల్ముది కాదు, నాది.'

ఆ కొయ్యూరు ఆవిడకి జవాబు చెప్పే అవకాశం మాత్రం మళ్ళీ రాలేదు.

ఒక్కసారి కళ్ళు మూసుకుని వినండి

మర్నాడు అదే ఆట నడుస్తుండగా తాలూకా ఆఫీసు నుంచి ఒక అధికారి, వెంట ఒక కానిస్టేబులు వచ్చారు. హాల్లో దొంగబొమ్మలు ఆడుతున్నాయని ఎవరో అర్జీ పెట్టారట. అధికారి వెనక నిలబడి చూశారు. ఏట్లో స్నానం రాగానే, "ఆపండి, లైట్లు వేయండి," అన్నారు.

లైట్లు వెలగగానే మగవాళ్ళందరూ ఒక్కసారిగా కుర్చీల్లో కిందికి జారిపోయారు. తువ్వాళ్ళు తలల మీదికి వచ్చేశాయి. పైగది కన్నంలోంచి చూస్తే తువ్వాళ్ళ తోటలా ఉంది. ఒక్కాయనకి మాత్రం తువ్వాలు లేదు. మా చర్చి సంఘపెద్ద ప్రకాశం గారు. ఆదివారం ప్రకటనలు చదివేది ఆయనే. ఇద్దరం ఒకరినొకరు చూసుకున్నాం. ఎవరు ముందు తల తిప్పుకున్నారో చెప్పలేను.

అధికారి పైకి వచ్చి ఏడో రీలు తీయించారు. అతుకులు చూశారు. గోరుతో గీరి, వాసన చూశారు.

"ఇది నిన్నో మొన్నో వేసిన అతుకు. రెండు అతుకుల మధ్య ఈ దృశ్యం. ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి అప్పారావు గారూ? లైసెన్సు ఎక్కడ?"

అప్పారావు గారు గోడ మీది అద్దం వైపు చూశారు. ఆ ముక్కను కోసి తిరిగి అతికించింది ఈ పిల్ల అని ఒక్క మాట చెబితే సరిపోయేది. ఆయన చెప్పలేదు. నా భయం ఆయనకు తెలుసు. మెల్లగా లేచి అద్దం దించుతున్నారు. 

గొంతు నాదేనని నమ్మకం కలగలేదు గానీ, నేనే మాట్లాడాను. "అతికింది నేనండీ."

"నువ్వెవరమ్మా?"

"దయామణినండీ. దానియేలు మేస్త్రి గారి అమ్మాయిని. చెకింగు నాదేనండీ. నిన్న నేనే పొరపాటున కోసేసి, నేనే తిరిగి పెట్టాను. ఇది సినిమాలోదేనండీ."

"సినిమాలోదేనని ఎలా నమ్మమంటావు?"

డైరీ ఇచ్చాను. 'దేవా, నా కళ్ళను కాపాడు' అని ఉన్న పేజీ పరాయి మగవాడు చదువుతుంటే భూమి చీలితే బావుండుననిపించింది. ఆయన చదివి, "రాసుకున్నది ఎవరైనా రాసుకోవచ్చు," అన్నారు. మర్యాదగానే అన్నారు.

అప్పుడు అన్నాను. "అయితే ఒక్కసారి కళ్ళు మూసుకుని వినండి."

ఫిల్ము మీద బొమ్మ పక్కనే ఆ బొమ్మ మాట ఉండదు. ఇరవై బొమ్మల ముందు ఉంటుంది. కాబట్టి మధ్యలో వేరే ముక్క దూరిస్తే, ఎంత నేర్పరి దూర్చినా శబ్దం దగ్గర దొరికిపోతాడు. మాట తెగుతుంది, పాట ఎగురుతుంది. ఈ సినిమాలో ఆమె ఏటికి బయల్దేరినప్పుడే దూరం నుంచి మొగుడు పడవ మీద పాడుకునే పాట మొదలవుతుంది. స్నానం అంతసేపూ వినిపించి, ఆమె ఒడ్డెక్కాక ఆగుతుంది. అది వివరించాను. ఎన్ని మాటలు తడబడ్డానో లెక్కలేదు.

రీలు మళ్ళీ ఎక్కించాం. అధికారి పైగది కన్నం దగ్గర కళ్ళు మూసుకుని నిలబడ్డారు. పాట మొదలైంది. మొదటి అతుకు దగ్గర చిన్న టిక్కుమని శబ్దం, పాట సాగింది. రెండో అతుకు దగ్గర ఇంకో టిక్కు, పాట సాగింది. ఎక్కడా తెగలేదు.

ఆయన ఇంకోసారి వేయమన్నారు. ఈసారి కళ్ళు తెరిచి చూశారు.

"ఆ వీపు మీద ఉన్నవేమిటి?" అని అడిగారు, చివరికి.

"వాతలండీ."

"ఇందాక చూసినప్పుడు కనిపించలేదే."

"నాక్కూడా నిన్న కనిపించలేదండీ."

ఆయన కాగితం మీద ఏదో రాసి సంతకం పెట్టి వెళ్ళిపోయారు. అప్పారావు గారు అద్దాన్ని మళ్ళీ గోడకి తగిలించి, వంకరగా ఉందేమోనని మూడుసార్లు వెనక్కి వచ్చి చూసుకున్నారు. "సాయంత్రానికి మీ నాన్నకి తెలిసిపోద్దమ్మా," అన్నారు. "తెలుసండీ," అన్నాను. నా వస్తువులన్నీ సంచిలో వేసుకున్నాను. బ్లేడు మాత్రం ఆయనది, అక్కడే పెట్టేశాను.

ఈ పనిలోకి వచ్చేవాళ్ళకి

నాన్న సంగతికి వచ్చేముందు, శిరీష అడిగినదానికి జవాబు రాయాలి. ఆ అమ్మాయి వెళ్తూ, "సినిమా చరిత్రలో వాటికి చోటు ఇవ్వాలా ఆంటీ?" అని అడిగింది.

చోటు ఇవ్వడానికి మనమెవరం? అవి ఉన్నాయి. ఉన్నచోట ఉంచండి. ఆ పేజీ కోసేసి ముందుదీ వెనకదీ అతికిస్తే, చదివేవాళ్ళు ఆ కొయ్యూరు ఆవిడలాగే అడుగుతారు: బాగానే ఉండేది కదా, మరి ఇలా ఎందుకైంది? హాళ్ళు ఎలా నిలబడ్డాయి, ఎవరు చూశారు, ఏం చూడడానికి వచ్చి ఏం చూడకుండా వెళ్ళారు, ఇదంతా కథలో భాగమే. చెత్తను చెత్త అనండి. కానీ ముందు చూడండి. పోస్టరు చూసి సినిమాను తీర్పు చెప్పకండి. అసహ్యం వేసినచోట ఇంకో నిమిషం ఆగండి, ఎక్కువ పొరపాట్లు నేను అక్కడే చేశాను.

ఇంకోటి. ఏది కోసినా పారేయకండి. ఎక్కడిదో రాసిపెట్టుకోండి. ఆ ముక్కను డబ్బాలో పడేయకుండా పొయ్యిలో పడేసి ఉంటే, నా తప్పు నాకెప్పటికీ తెలిసేది కాదు.

నాన్న

ప్రకాశం గారు ఆ సాయంత్రమే మా ఇంటికి వచ్చారు. నాన్న వాకిట్లో చిత్రిక పడుతున్నారు. ప్రకాశం గారు గొంతు తగ్గించి అంతా చెప్పారు. మీ అమ్మాయి పైగదిలో ఫలానా బొమ్మలు ముట్టుకుంటోందనీ, అధికారి ముందు తానే ఒప్పుకుందనీ.

నాన్న చిత్రిక ఆపకుండానే అడిగారు. "పదకొండు గంటల ఆటలో నీకేటి పని, ప్రకాశం?"

ప్రకాశం గారు మంచినీళ్ళు కూడా తాగకుండా వెళ్ళిపోయారు.

నాన్న నావైపు తిరిగారు. "జిగురన్నావు."

"అబద్ధం నాన్నా."

"ఊఁ." చాలాసేపు చిత్రిక పట్టారు. "రేపు నానొత్తాను. సూసి సెప్తాను, నువ్వుండాల్సిన సోటో కాదో."

మర్నాడు పదింటికి నాన్న మొదటిసారి ఆ హాలు మెట్లెక్కారు. చెవి మీద పెన్సిలు అలాగే ఉంది. పైగదిలో అటూ ఇటూ చూశారు. అప్పారావు గారు కుర్చీ వేస్తే కూర్చోలేదు. "మా అమ్మాయి ఎక్కడ కూకుంటాది?" అని అడిగారు. చూపించాను. బల్ల మీద చేయి వేసి ఊపారు. అది కదిలింది. "ఈ కుంటి బల్ల మీదా?" అన్నారు, అప్పారావు గారిని కోప్పడుతున్నట్టు. ఏడాది తిరక్కముందే నాన్న దాని చోట వేరే బల్ల చేసి పెట్టారు. నేను మానేసేదాకా దాని మీదే పనిచేశాను.

"నువ్వు అతికినది సూపించు."

ఏడో రీలు తీసి, ఆ చోటు దాకా తిప్పి, చేతికిచ్చాను.  నాన్న ఫిల్మును కిటికీ వెలుగుకు ఎత్తి పట్టారు. ఒక్క క్షణం. ఆయన ముఖం గట్టిపడింది. గబుక్కున దించేసి, తల గోడవైపు తిప్పుకున్నారు. అచ్చం నాలాగే.

కానీ ఫిల్ము వదల్లేదు. కళ్ళు మూసుకుని, బల్లల అంచుల మీద చేయి పోనిచ్చేటట్టే, బొటనవేలు ఫిల్ము అంచు మీద పెట్టి మెల్లగా పోనిచ్చారు. అలా కొంతదూరం వెళ్ళారు. మళ్ళీ వెనక్కి వచ్చారు. ఇంకోసారి వెళ్ళారు.

"ఏదే అతుకు?" అన్నారు, కళ్ళు తెరవకుండానే. "సేతికి తగల్లేదు."

నాన్న వేలు పట్టుకుని ఆ చోట పెట్టాను.